వ్యాను మాస్టారు

వ్యాను మాస్టారు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, పదహారో నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో కనిపిస్తారు. పేరులో మాస్టారు ఉన్నంత మాత్రాన అందరూ బడిలో పాఠాలు చెప్పినవారే కానక్కర్లేదు. కరెంటాఫీసులో, బ్యాంకులో పనిచేసి దిగినవారూ ఉంటారు. అయినా లెక్కల మాస్టార్లలో ముదిరినంతగా వ్యానును ఇల్లు చేసుకునే ఈ పిచ్చి మరెవరిలోనూ ముదరదు. చొక్కా జేబులో పెన్ను పక్కన కొలత టేపు, పెరట్లో చింతచెట్టు కింద పాత మారుతి ఓమ్ని, దాని కిటికీలకు పాత చీర చింపి కుట్టిన కర్టెన్లు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఇక సందేహం పెట్టుకోనక్కర్లేదు. ఈ జాతి కోరిక ఒక్కటే: సముద్రం ఒడ్డునో రిజర్వాయరు గట్టునో ఒక్క రాత్రి, ఎవరింటికీ వెళ్లకుండా, ఎవరి తలుపూ తట్టకుండా, సొంత కప్పు కింద పడుకుని లేవాలి.

ఇందుకు ఓమ్నినే ఎంచుకోవడంలో తెలివి లేకపోలేదు. మారుతి వ్యాను 1984లో వచ్చింది. ఓమ్ని అన్న పేరు తరవాత పెట్టారు. 2019లో తయారీ ఆగిపోయింది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, 12 అంగుళాల చక్రాలు, 3,370 మిల్లీమీటర్ల పొడవు. అంటే పదకొండు అడుగులు, మన పల్లెటూరి వీధి అరుగు కన్నా చిన్నది. కానీ పెట్టెలా ఉంటుంది కాబట్టి మూలలు వృథా పోవు. రెండు పక్కలా జారే తలుపులు, వెనక పైకి లేచే తలుపు ఉంటాయి. ఇంజను ముందు సీట్ల కింద ఇమిడిపోవడంతో వెనకంతా జాగాయే. ముందు బానెట్ లేకపోవడం మాత్రం పెద్ద లోపం. దేన్నైనా గుద్దితే మొదట నలిగేవి డ్రైవరు మోకాళ్లే. అందుకని 60 దాటకూడదన్నది వ్యాను మాస్టారి మొదటి నియమం. దాన్ని పాటించడానికి ఆయన పెద్దగా కష్టపడనక్కర్లేదు, ఇంజనే పాటిస్తుంది. సినిమాల్లో పిల్లలను ఎత్తుకుపోయే బండి ఇదే కావడం వల్ల కర్టెన్లు వేసిన ఓమ్ని ఊళ్లోకి రాగానే గుంటలు ఇళ్లలోకి పరుగెడతారు. దీనికి ఏ మరమ్మతూ లేదు.

నానో కారుతో ప్రయత్నించే శాఖ కూడా ఒకటి ఉంది. ఆ శాఖవారు పొట్టివారు. తమిళనాడులో 2019లో ఒక యువ ఆర్కిటెక్టు ఆటో మీద 36 చదరపు అడుగుల ఇల్లు కట్టిన ఫొటో అన్ని శాఖలవారి ఫోన్లలోనూ ఉంటుంది. దాన్ని చూపించనిదే వ్యాను మాస్టారు కాఫీ ముగించరు.

తమది కొత్త పిచ్చి కాదనడానికి మాస్టారు వంశవృక్షం కూడా చెబుతారు. శివరాత్రికి శ్రీముఖలింగానికి, రథసప్తమికి అరసవల్లికి ఒకప్పుడు జనం గూడుబండ్లలోనే వెళ్లేవారు. అడుగున గడ్డి, గడ్డి మీద బొంత, బొంత మీద పిల్లలు. రాత్రికి ఎడ్లను విప్పి చక్రాలకు కట్టేస్తే మగవాళ్ల పడక బండి కిందే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరుకు ఇల్లు చేరేలోగా, తిరుగు దారిలో ఈ సీమ మీదుగానే వచ్చారు. ఆయన వెంట డేరాలు, బోయీలు, పెద్ద పరివారం ఉన్నాయి. మాస్టారి వెంట మాస్టారమ్మ, ఒక టిఫిన్ క్యారియరు ఉంటాయి.

అసలైన పెద్దలు మాత్రం సాలూరులో ఉన్నారు. లారీలకు పేరుపడ్డ ఆ ఊరు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గాని, బాడీ కట్టే సంగతి అడగాలంటే విజయనగరం వాళ్లు ఇప్పటికీ అటే చూస్తారు. గళ్ల కాయితం మీద మాస్టారు గీసుకొచ్చిన పటాన్ని మేస్త్రీ తిరగేసి, మరగేసి చూస్తాడు. "సీటెనకాల బల్లేసుకొని మా డ్రైవర్లు కలకత్తా ఎల్లొస్తన్నారు మాస్టారూ. తొంగోడానికి ఇంత పటవెందుకండీ?" అంటాడు. ఈ శాస్త్రంలో ఇంతకంటే గట్టి విమర్శ ఇప్పటిదాకా రాలేదు.

పటంలో మొదటి చిక్కు పడక. ముందు సీట్ల వెనక నేల పొడవు అయిదడుగుల మూడంగుళాలు, వెడల్పు నాలుగడుగులు అనుకుంటే, అయిదడుగుల ఏడంగుళాల మనిషి కాళ్లు చాపలేడు. లెక్కల మాస్టారు ఇక్కడే పైథాగరస్‌ను పిలుస్తారు. మూల నుంచి మూలకు కొలిస్తే ఆరడుగుల ఏడంగుళాలు వస్తుంది. చాలు, మిగులు కూడా. అయితే ఆ సిద్ధాంతంలో మనిషికి భుజాలుండవు, భార్య కూడా ఉండదు. మొదటి రాత్రి పెరట్లో పరీక్ష చేశాక పైథాగరస్‌ను పక్కన పెట్టి, బల్లకు కీళ్లతో రెక్క ఒకటి బిగించి, ముందు సీటు వీపు వాల్చి దాని మీదికి చాపుతారు. కాళ్లకు చోటు దొరుకుతుంది. వడ్రంగి ఉద్దానం పనస కర్ర వేద్దామంటాడు. అది నాలుగు తరాలు ఉంటుంది నిజమే, కానీ బండి ఉండదు. నీటికి ఉబ్బని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద నాలుగంగుళాల ఫోమ్ చాలు. ఇంత చిన్న బండిలో ప్రతి కిలోకూ బ్రేకు జవాబు చెప్పుకోవాలి.

తరవాతది గాలి. మూసిన వ్యానులో ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి అద్దాలకు లోపలి వైపు చెమట పడుతుంది. అది వాళ్ల ఊపిరి తేమే. ఆ తేమ, సముద్రపు ఉప్పుగాలి కలిసి రేకును తింటాయి. అందుకని ఎదురెదురు కిటికీలు రెండంగుళాలు తెరిచి ఉంచాలి, వాటికి దోమల వల కుట్టించాలి. జారే తలుపు కొలతకు వల కుట్టమంటే దర్జీ టేపు పట్టుకుని "ఇది ఏ ఆసామీ కొలతండీ?" అని అడగడం మామూలే. కప్పుకు చిల్లు పెట్టి ఫ్యాను బిగించాలన్న ఆలోచన ప్రతి వ్యాను మాస్టారికీ ఒకసారి వస్తుంది. మొదటి వానకు పోతుంది. ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని, అద్దాలెత్తి నిద్రపోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది వచ్చిందని తెలిసే లోపే మనిషి లేవలేని స్థితికి వెళతాడు.

పొయ్యి విషయంలోనూ ఇంతే. వంట గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలను పట్టుకుని బల్ల కింద చేరుతుంది. బొగ్గుల కుంపటి వ్యానులోపల పెడితే అది వంట కాదు, ఆత్మహత్య. కాబట్టి వంటగది బండి బయటే. వెనక తలుపు పైకెత్తితే అదే చూరు. దాని కింద మడతబల్ల, చిన్న స్టవ్వు, గాలికి అడ్డంగా మూడు రేకులు. పొడి చల్లే చిన్న నిప్పార్పే సిలిండరు డ్రైవరు చేతికి అందే చోట ఉండాలి, సామాన్ల అడుగున కాదు. కళింగపట్నం లైట్‌హౌసు దగ్గర, వంశధార సముద్రంలో కలిసేచోట, ఈ ఏర్పాటు మీద మాస్టారమ్మ పెట్టిన ఉప్మాకు సాటి లేదని మాస్టారు చెబుతారు. ఉప్మాలో ఇసక ఉందని ఆవిడ చెబుతారు.

కరెంటు లెక్క చిన్నది. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 160 వాట్ అవర్లు. రెండు దీపాలు, రెండు ఫోన్లు కలిపినా రాత్రికి 250 దాటదు. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒక రాత్రికి సరిపోయి సగం మిగులుతుంది. దుకాణంవాడు ఇన్వర్టరు బ్యాటరీ అంటగట్టడానికి చూస్తాడు. దాని బరువు యాభై కిలోల పైనే. పైగా ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడక కింద పనికిరాదు. ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు తప్పనిసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వీధి ఫోన్లన్నీ తెచ్చి వ్యానులో ఛార్జింగుకు పెట్టిన ఆ వారం తరవాత, మాస్టారు బ్యాటరీ మాట ఎత్తితే ఇంట్లో ఎవరూ కాదనడం లేదు.

సామాన్ల విషయంలో ఈ జాతికి అదుపు తక్కువ. బయలుదేరేముందు ఒక కొబ్బరికాయల బస్తా, రెండు బిందెలు, ఒక మడతకుర్చీ, అల్లుడికని పనసపండు ఎక్కుతాయి. ఠక్కున బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, పనసపండు ఆగదు. బరువైనవన్నీ నేలమీద, పక్కగోడలకు పట్టీలతో కట్టి ఉండాలి. టాపు మీద బరువు పెడితే పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు ఈ ఇరుకు బండి ఊగే తీరుకు లోపలివాళ్లకు దేవుళ్లందరూ గుర్తుకొస్తారు. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లలో, బెల్టులతోనే ఉండాలి. బండి ఆగిన తరవాతే పడక.

చివరికి చట్టం వస్తుంది. నిజానికి ఇది మొదట రావాలి. కానీ వ్యాను మాస్టారు దీని గురించి తెలుసుకునేది వెనక సీటు పీకి పాతసామాన్లవాడికి అమ్మేశాకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మాస్టారు మార్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, అయిదువేలతో హెచ్చవేసి, పాతసామాన్ల దుకాణానికి పరుగెత్తి తన సీటు తాను కొనుక్కుంటారు. చట్టం ముందు నిలబడే పద్ధతి ఇక్కడ పుడుతుంది. వెనక సీటు మడిచి, దాని మీద పరిచే మూడు ముక్కల బల్ల. రేకుకు చిల్లులుండవు, వెల్డింగుండదు. పావుగంటలో అంతా బయటికి వచ్చి బండి మళ్లీ కాగితంలో ఉన్న బండి అయిపోతుంది. పడక ఎత్తు పెరిగి, లేచి కూర్చుంటే తల కప్పుకు తగులుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాల్సి ఉండగా, ఈ బొప్పి పెద్ద విషయం కాదు.

ఇలా రెండేళ్ల పనితో, మూడు ప్లాన్లతో బండి సిద్ధమవుతుంది. గాలికి, నిప్పుకు, బ్రేకుకు, చట్టానికి దానిలో సమాధానం ఉంది. చుట్టరికానికి మాత్రం లేదు. ఈ సీమలో ఏ ఊరి చివర బండి ఆపినా ఆ ఊళ్లో మేనత్త కూతురో, తోడల్లుడో, కనీసం తోడల్లుడి స్నేహితుడో ఉండి తీరతాడు. తేలినీలాపురంలో చింతచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు నెలల తరబడి కాపురముంటాయి. వాటిని ఎవరూ ఇంట్లోకి రమ్మనరు. అదే ఊరి బయట మాస్టారు దోమతెర దించేసరికి టెక్కలి నుంచి వియ్యంకుడు మోటారు సైకిలు మీద దిగుతారు. "ఏటి బావగారూ, మా ఇల్లుండగా బండిలో తొంగుంటారేటి? రేపు నలుగురూ మమ్మల్నేటనుకుంటారు?" ఈ ప్రశ్నకు జవాబు లేదు. మాస్టారు ఫ్యాను లెక్క చెబుతారు, ఫోమ్ నొక్కి చూపిస్తారు. మాస్టారమ్మ అప్పటికే చెప్పులేసుకుని ఉంటారు. ఆ రాత్రి చేపల పులుసుతో, మేడ మీది గదిలో, ఏసీలో ముగుస్తుంది. వ్యాను మాత్రం గుమ్మం ముందు నిలబడి ఉంటుంది.

చుట్టాల్లేని చోటు వెతికి, ఎవరికీ చెప్పకుండా చింతపల్లి బీచికి వెళ్లిన మాస్టార్లూ ఉన్నారు. అక్కడ అర్ధరాత్రి గస్తీ కానిస్టేబులు కర్టెన్ల ఓమ్నిని చూసి, సినిమాలు గుర్తుచేసుకుని, తలుపు సర్రున జరిపి టార్చి వేస్తాడు. లోపల దోమల వల వెనక లుంగీలో ఉన్న మనిషిని చూసి టార్చి దించేస్తాడు. "మాస్టారూ! మీరేటండి ఇక్కడ? నాను మీ పదో తరగతి బ్యాచ్చినండీ. రండి, రండి, మా ఇల్లిక్కడే."

అందుచేత కళింగపట్నంలోనో చింతపల్లిలోనో తాటిపూడి రిజర్వాయరు గట్టునో, పొద్దుగూకాక కర్టెన్లు వేసిన పాత ఓమ్ని కనిపిస్తే భయపడనక్కర్లేదు. దగ్గరికి వెళ్లి పలకరించవచ్చు, మంచినీళ్లు ఇవ్వవచ్చు, బ్యాటరీ ఎన్ని ఆంపియర్లని అడిగితే మరీ సంతోషం. దయచేసి ఇంటికి మాత్రం పిలవవద్దు.