హైదరాబాద్–విజయవాడ: దూరం చెప్పే విధానం

హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య దూరమెంతని అడిగినవారికి కిలోమీటర్లలో జవాబివ్వడం అనుభవం లేనివారి పని. 65వ నంబరు జాతీయ రహదారి మీద అది సుమారు 275 కిలోమీటర్లని అందరికీ తెలుసు కాబట్టి, ఆ అంకె వల్ల చెప్పినవారికి పరపతి పెరగదు; గంటల్లో చెప్పాలి, అదీ ఎదుటివారు చెప్పిన దానికంటే ఒక అరగంట తగ్గించి చెప్పాలి.

అందుకు గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. మియాపూర్‌లో బయలుదేరినవారు హయత్‌నగర్ దాటేదాకా పట్టిన సమయం ట్రాఫిక్ పద్దుకూ, సూర్యాపేటలో ఆగిన సమయం టిఫిను పద్దుకూ చెందుతాయి. గొల్లపూడి కనబడితే ఊరు చేరినట్టే లెక్క. అక్కడి నుంచి బెంజి సర్కిల్ దాకా పట్టేది స్థానిక వ్యవహారం.

విమానంలో వెళ్లేవారికి వైమానిక దూరమనే భావన అక్కరకొస్తుంది. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి చిన్న చాపం పొడవే వైమానిక దూరం. ఈ రెండు నగరాల నడుమ అది సుమారు 250 కిలోమీటర్లు, అంటే రోడ్డు మీద కంటే కలిసొచ్చేది ఓ పాతిక మాత్రమే. ఆ పాతికను చాటుకునేటప్పుడు విమానాశ్రయాల ఊసెత్తకూడదు. 2008లో బేగంపేట నుంచి విమానాలు తరలిపోయిన శంషాబాద్ హైదరాబాదుకు దక్షిణాన ఉంది, గన్నవరమేమో విజయవాడ దాటాక ఏలూరు దారిలో ఉంది. కనుక తూర్పుకు పోవలసిన మనిషి ముందు దక్షిణానికి పాతిక కిలోమీటర్లు వెళ్లి, అక్కడి నుంచి నేరుగా కొలిచినా 260 పైచిలుకు కిలోమీటర్లు ఎగిరి, దిగాక మళ్లీ 20 కిలోమీటర్లు పడమటికి వెనక్కి రావాలి. మొత్తం 300 దాటుతుంది. దగ్గరి దారి అనుకున్నది రోడ్డు కంటే పొడవని తేలుతుంది. గాలిలో ఉండేది గంటలోపే అయినా, కౌంటరు మూసేలోగా చేరాలన్న భయానికీ, బ్యాగు కోసం బెల్టు దగ్గర నిలబడడానికీ పోయిన సమయాన్ని కలిపితే కారులో వచ్చినవాడు అప్పటికి నందిగామ దాటి ఉంటాడు. ఈ కూడిక ఎవరికీ చూపకూడదు, టిక్కెట్టు కొన్నవారికైతే అసలే చూపకూడదు.

రైలులో వెళ్లేవారు ఈ చర్చకు దూరంగా ఉండడం మంచిది. వారి చేతిలో టైంటేబుల్ ఉంటుంది.

దారిలో ఇంటి నుంచి ఫోను వస్తే, ఉన్న ఊరు కాక తర్వాతి ఊరు చెప్పాలి. నార్కట్‌పల్లిలో ఉన్నవారు “సూర్యాపేట దాటేశాం అమ్మా” అంటారు. నిజానికి అవతల అడిగేది దూరం గురించి కాదు, అన్నం ఎప్పుడు వండాలన్న దాని గురించి. ఆ తల్లి కూడా కొడుకు మాటకు ఓ గంట కలుపుకొనే కుక్కరు పెడుతుంది. ఈ అబద్ధాన్ని ఆడనివారూ నమ్మినవారూ తెలుగునాట అరుదు.

సంక్రాంతి ముందు రోజుల్లో పై సూచనలేవీ పనిచేయవు. అద్దానికి అంటించిన చీటీని యంత్రం చదివి రుసుము దానంతటదే తీసుకునే ఫాస్టాగ్ పద్ధతి 2021 నుంచి తప్పనిసరి అయినా, చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా వద్ద బారులు తీరడం మానలేదు. ఆ రోజుల్లో విజయవాడ ఎంత దూరమో బూతుకు ముందున్న కార్ల సంఖ్యలో చెప్పడమే శాస్త్రీయం.