ఎండు కొండకి ఉచిత సలహాలు

జూన్ నెల వచ్చేసరికి న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునే మన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక జబ్బు పట్టుకుంటుంది. వారమంతా సన్నటి వాన, సముద్రం మీంచి ఈదురుగాలి. గదిలో హీటర్ వేస్తే కరెంటు బిల్లు, వెయ్యకపోతే దగ్గు. అప్పుడు ఎవడో ఒకడు ఫోన్‌లో ఫోటో చూపిస్తాడు. నీలంగా మెరిసే ఆకాశం, ఎండిపోయిన పసుపుపచ్చ గడ్డి, రాళ్ళ గుట్టలు. "బ్రో, ఇది అలెగ్జాండ్రా అంట. అచ్చం మన అనంతపురంలా లేదూ?"

ఉంది. నిజానికి అనంతపురం కంటే అక్కడ వాన తక్కువ. పడమటి నుంచి వచ్చే మబ్బుల్ని సదరన్ ఆల్ప్స్ పర్వతాలు అటువైపే పిండేసుకుంటాయి. ఇన్వర్‌కార్గిల్‌లో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడితే, అక్కడికి 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అలెగ్జాండ్రాకి దక్కేది 350 దరిదాపుల్లో. సెంట్రల్ ఒటాగో అనే ఆ ప్రాంతం న్యూజిలాండ్‌లో ఎడారికి దగ్గరి చుట్టం. వానే లేనిచోట ప్రమాదం ఏముంటుంది? ఆదివారం వెళ్ళి ఒక కొండెక్కేసి రాత్రి భోజనానికి ఇల్లు చేరుకోవచ్చు. ఎలాగో చెప్పడానికి మీ అన్నయ్యని నేనున్నాను.

ముందు బయల్దేరే వేళ. చీకటితో లేవమని ఇక్కడివాళ్ళు చెబుతారు. జూన్‌లో తెల్లారేదే ఎనిమిది దాటాక, ఇంక చీకటితో లేవడమేమిటి? హాయిగా తొమ్మిదింటికి లేచి పులిహోర కలపండి. పులిహోర లేకుండా తెలుగువాడు కొండెక్కిన దాఖలాలు లేవు. పోపు చల్లారేలోగా ముగ్గుర్ని వాళ్ళవాళ్ళ ఫ్లాట్ల దగ్గర ఎక్కించుకోవాలి. అందులో ఒకడు అప్పుడే స్నానానికి వెళ్ళి ఉంటాడు. గోర్ ఊళ్ళో పెద్ద చేప విగ్రహం ఉంది, దానిముందు నిలబడి ఫోటో దిగకపోతే మహాపాపం. అలా అలా కొండ మొదటికి చేరేసరికి ఒంటిగంట అవుతుంది. సూర్యుడు అయిదింటికి గానీ అస్తమించడు, అంటే చేతిలో నాలుగు గంటలు. నాలుగూ ఎక్కడానికే వాడండి. దిగే టైము కూడా లెక్కలో వేసుకునేవాడు పిరికివాడు.

కొండ ఎంచుకునేటప్పుడు మొహమాటం పనికిరాదు. అలెగ్జాండ్రాకి కాస్త ఇవతల బుచర్స్ డ్యామ్ పక్కన ఫ్లాట్ టాప్ హిల్ అని ఒకటుంది. రోడ్డు పక్కనే కారు పెట్టుకుని, రాళ్ళ మధ్య తిరిగి, వెలుగుండగానే కిందికి వచ్చేయొచ్చు. దేశంలోకెల్లా పొడి నేలల్లో బతికే బుల్లి మొక్కల్ని వంగి చూడొచ్చు. ఇలాంటివి పిల్లలున్న వాళ్ళకి వదిలేయండి. మీరు పడమటి దిక్కున, ఆకాశానికి అడ్డంగా పడుకున్న ఓల్డ్ మ్యాన్ రేంజ్ కేసి చూడండి. మావోరీలు దాన్ని కోపువై అంటారు. దాని నెత్తిమీద ఒబెలిస్క్ అనే రాతి స్తంభం ఉంది, అక్కడి ఎత్తు 1,695 మీటర్లు. అలెగ్జాండ్రా ఊరేమో 150 దగ్గర ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ లెక్కన ఊళ్ళో నాలుగు డిగ్రీలుంటే పైన మైనస్ ఆరు. గాలి లెక్క మళ్ళీ వేరే. లంబసింగిలో తెల్లవారుజామున టీ తాగి, స్వెటర్ లేకుండా సెల్ఫీ దిగినవాళ్ళకి మైనస్ ఆరు ఒక లెక్కా? అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఓఫిర్ అనే పల్లెలో 1995 జూలై 3న మైనస్ 21.6 నమోదైంది. పాత సంగతి, వదిలేయండి.

అసలు మనకి కొండలు కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళం. దారి పొడుగునా పైకప్పు, కుళాయి, దీపాలు, బజ్జీల కొట్టు, ముందొక ఊరు జనం, వెనకొక ఊరు జనం. కాళ్ళు మొరాయిస్తే వెనక నుంచి ఎవరో గోవిందా అంటారు, మన కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మన లెక్కలో కొండంటే జనం. ఓల్డ్ మ్యాన్ రేంజ్ మీద జూన్ ఆదివారం మధ్యాహ్నం మీకు ఎదురుపడేది మహా అయితే ఒక కుందేలు. దానికి గోవిందా అనడం రాదు. అయినా మోకాళ్ళు అవే కదా, సరిపోతాయి.

దారిలో గార్జ్ క్రీక్ దగ్గర హైవే పక్కన ఒక స్మారకం కనిపిస్తుంది. అక్కడ కారు ఆపొద్దు, మూడ్ పాడవుతుంది. 1861లో గేబ్రియల్ రీడ్ అనే ఆయన ఒటాగోలో బంగారం కనుక్కున్నాడు. మరుసటేడు అలెగ్జాండ్రా చుట్టుపక్కల డన్‌స్టన్ ప్రాంతంలో మరో పెద్ద నిక్షేపం బయటపడింది. ఆస్ట్రేలియా గనుల్లో, కాలిఫోర్నియా గనుల్లో కాయలుకాసిన చేతులవాళ్ళు పారలు భుజానేసుకుని వచ్చిపడ్డారు. కొందరు ఈ ఓల్డ్ మ్యాన్ రేంజ్ మీదే గుడారాలు వేశారు. 1863 చలికాలంలో మంచు తుఫాన్లు పట్టుకున్నాయి. మంచులో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్న గని కార్మికుల గుర్తుగా పెట్టిందే ఆ రాయి. వాళ్ళంటే ఏళ్ళతరబడి ఆరుబయట బతికిన మొరటు మనుషులు. మనం కంప్యూటర్లు చదువుకున్నవాళ్ళం, పైగా మన దగ్గర పవర్ బ్యాంక్ ఉంది.

దిక్కుల సంగతి చెబుతాను, ఇది ముఖ్యం. చలికాలం ఎండ దక్షిణపు వైపు నుంచి వస్తుందని మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆ జ్ఞానాన్ని సూట్‌కేసులో మడత నలగకుండా ఇక్కడికి తెచ్చుకోండి. ఈ అర్ధగోళంలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. కాబట్టి ఎండ ఉంటుందన్న ధీమాతో మీరు దక్షిణపు వాలు పట్టుకుంటే, ఎప్పుడో కురిసిన మంచు అక్కడ నీడలో గడ్డకట్టి, మీ కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. మీది అడుగు నున్నగా అరిగిన స్పోర్ట్స్ షూ అయితే మరీ మంచిది. నీడను చూసి దిక్కు పోల్చుకునేవాళ్ళు సరిగ్గా ఎదురు దిక్కున దిగుతారు. కొత్త లోయ చూసినట్టూ ఉంటుంది.

గాలి విషయంలోనూ అంతే. దక్షిణపు గాలి అంటే మన కవులకి మలయమారుతం. గంధపు వాసన, వెన్నెల, విరహం. మెట్‌సర్వీస్ అనే వాతావరణ సంస్థ వాళ్ళు "సదర్లీ వస్తోంది" అని హెచ్చరిస్తే, మీరు వసంతోత్సవం అనుకుని జాకెట్ జిప్పు కిందికి లాగండి. ఇన్వర్‌కార్గిల్‌కి దక్షిణాన స్టూవర్ట్ ద్వీపం, అది దాటాక సముద్రం, ఎక్కడో ఒకటీ అరా లంకలు, ఆపైన అంటార్కిటికా. అక్కడ బయల్దేరిన గాలికి దారిలో గంధపు చెట్టు ఒక్కటీ తగలదు. పొద్దున్న నీలంగా ఉన్న ఆకాశం చూస్తుండగానే బూడిదరంగుకి తిరుగుతుంది. కొండ నెత్తిమీద చెట్టూ లేదు, చాటూ లేదు. అందుకే ముందురోజు రాత్రి వాతావరణం చూడకండి. చూస్తే వెళ్ళబుద్ధి కాదు. చూసి తీరాల్సివస్తే అలెగ్జాండ్రా ఊరి వాతావరణం చూడండి. కొండ మీది సూచన వేరేగా ఇస్తారు, దాన్ని తెరవకండి.

బట్టలు. కింద జీన్స్, పైన కాటన్ హుడీ. ఫోటోలో బాగుంటాయి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, కాటన్ దాన్ని భక్తిగా దాచిపెట్టుకుంటుంది. పైన ఆగి పోజు పెట్టగానే గాలి ఆ తడిని పట్టుకుని ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. మెరీనో ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుందంటారు. ఆ డబ్బుతో రెండు బిర్యానీలు వస్తాయి, ఆలోచించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, బయల్దేరే రోజున అమ్మ పట్టుబట్టి సూట్‌కేసులో కుక్కిన మంకీ క్యాప్. దాన్ని చచ్చినా బయటికి తీయొద్దు. చెవులూ మెడా గడ్డమూ ఒకేసారి కప్పే ఇంతటి వస్తువుని ఈ దేశంలో పర్వతారోహకుల దుకాణాల్లో వేరే పేరుతో బోలెడు ధరకి అమ్ముతున్నారు. అయినా సరే, మనకి పరువు ముఖ్యం.

చలికాలంలో దాహం వెయ్యదు కాబట్టి నలుగురికీ కలిపి ఒక్క నీళ్ళ సీసా చాలు. ఆ పొడిగాలిలో ఊపిరితోనే ఒంట్లో నీళ్ళు పోతాయని ఎవరైనా అంటే నవ్వేయండి. కొందరు ఛాదస్తులు సీసాని సంచిలో తలకిందులుగా పెట్టుకుంటారు. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి అలా పెడితే మూత దగ్గర గడ్డకట్టదట. మీరు నిటారుగానే పెట్టండి. మూత తిరగనప్పుడు నలుగురూ వంతులవారీగా బలం చూపించుకోవచ్చు. పులిహోర సంగతీ అంతే. రెండు గంటలు సంచిలో నానాక అది పలుకులు పలుకులుగా బిగుసుకుపోతుంది, వేరుశనగ గుళ్ళు పంటికి రాళ్ళలా తగులుతాయి. తినడానికి చేతికున్న గ్లౌజు తీయాలి. తీసిన గ్లౌజు పక్కన రాతిమీద పెట్టండి, మిగతా పని గాలి చూసుకుంటుంది.

అక్కడ కూర్చోవడానికి చోటు వెతుక్కుంటుంటే గుబురుగా, కత్తుల్లాంటి ఆకులతో ఒక మొక్క కనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు స్పానియార్డ్ అంటారు, మావోరీలో తరమేయా. దానిమీద కూర్చోవడం గురించి నేనేమీ చెప్పను, స్వానుభవమే గురువు. కింది వాలుల్లో మాత్రం నేలని అంటుకుని బూడిదరంగు పొదలుంటాయి. ఒక రెమ్మ తుంచి వేళ్ళ మధ్య నలపండి. వాము వాసన! అది థైమ్, బంగారం వేటకొచ్చినవాళ్ళ కాలంలో వచ్చి ఈ కొండలన్నీ ఆక్రమించింది. వాములోనూ ఇందులోనూ ఉన్నది థైమాల్ అనే ఒకే పదార్థం. ఈ ఒక్క వాక్యంలో దురుద్దేశం ఏమీ లేదు, వెళ్తే నిజంగానే వాసన చూడండి.

దారి తెలియడానికి ఫోన్ చాలు. కాగితం మ్యాప్ పట్టుకున్నవాడు తాతగారి కాలంవాడు. చలికి బ్యాటరీ నలభై శాతం చూపిస్తూనే టప్పున ఆరిపోతుంది. అందుకే దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి కాకుండా, చేతిలో పట్టుకుని రీల్స్ తీస్తూ నడవండి. మడత తిరిగాక సిగ్నల్ ఎలాగూ ఉండదు. ఉపగ్రహానికి కబురు పంపే బీకన్ అద్దెకి దొరుకుతుంది. అద్దె డబ్బులు నలుగురూ పంచుకున్నా దండగే. ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎప్పుడు పోలీసులకి చెప్పాలి అన్నది ఒక మనిషికి చెప్పి వెళ్ళమంటారు. వాట్సాప్ స్టేటస్ పెట్టాం కదా. మొన్నటి ఫోటోతో.

మూడున్నరకి శిఖరం ఇంకా దూరంగానే ఉంటుంది. నలుగురికీ వెనక్కి తిరగాలనే ఉంటుంది. ఎవరూ అనకండి. ముందు అన్నవాడికి ఇన్వర్‌కార్గిల్‌లో జీవితాంతం పేరు పెడతారు. పెట్రోల్ డబ్బులు గుర్తుచేసుకుని నడవండి.

ఈలోగా ఒకడు మాట్లాడడం తగ్గిస్తాడు. తర్వాత తడబడతాడు, జిప్పు పెట్టుకోవడం రాదు, మాట ముద్దముద్దగా వస్తుంది. తాగినట్టున్నాడే అని వీడియో తీయండి. కాసేపటికి వణుకు ఆగిపోతుంది. చలికి అలవాటు పడ్డాడని సంతోషించండి. ఒంట్లో ఇంక వణకడానికి శక్తి మిగల్లేదని డాక్టర్లంటారు, వాళ్ళకేం తెలుసు. "నాకు నిద్రొస్తోంది, మీరు పదండి, వస్తాను" అంటే వదిలి ముందుకి పదండి. పొడిబట్టలు మార్చడం, గాలి తగలకుండా నలుగురూ దగ్గరగా కూర్చోవడం, తీపి ఏదైనా తినిపించడం ఇవన్నీ అతిచేష్టలు. ఒక పెగ్గు పోస్తే వేడెక్కుతాడని ఎవరో ఒకరు అంటారు. అది పోస్తే చర్మం వెచ్చబడినట్టనిపించి, లోపలి వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. అందుకే పోయమంటున్నాను.

ఇంత జరిగినా సహాయానికి మాత్రం పిలవకండి. హెలికాప్టర్ వస్తే లక్షల్లో బిల్లనీ, వీసాకి ఎసరనీ మన గదుల్లో ఒక పుకారు ఏళ్ళుగా తిరుగుతోంది, దాన్నే నమ్మండి. కొండల్లో వెతికి తెచ్చినందుకు ఈ దేశంలో బిల్లు వేసే పద్ధతి లేదనీ, ప్రమాదంలో దెబ్బతగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ బీమా పరదేశం వాళ్ళ వైద్యానికి కూడా చాలావరకు పెట్టుకుంటుందనీ ఇక్కడివాళ్ళు చెబుతారు. నిజమే అయినా మనకెందుకు? వెతకడానికి వచ్చే ల్యాండ్‌సార్ వాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు, ఆదివారం రాత్రి కంచం ముందునుంచి లేచి వస్తారు. పాపం, వాళ్ళకి శ్రమ ఇవ్వడమెందుకు? వెలుగుండగా నాలుగింటికి పిలిస్తే చిన్న పనితో పోయేది. మీరు చీకట్లో దిగి, కాలు విరగ్గొట్టుకుని, అర్ధరాత్రి దాటాక ఎవరికో అనుమానం వచ్చేదాకా ఆగండి. అప్పుడు పాతికమందీ, కుక్కలూ వస్తారు.

పిలవాల్సిన నంబరు 111. రాసుకోకండి.