బకాయి పడ్డ కోచ్

అమెరికాలో ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్. అక్కడ ఈ పెద్దమనిషి లేని వీధి ఉండదు. వయసు యాభైకి అటూ ఇటూ. గ్యారేజీలో కారుకి చోటుండదు గానీ ఎర్ర ఫ్రిజ్, ఎర్ర కుర్చీలు, గోడంత టీవీ ఉంటాయి. కుక్క పేరు బ్రూటస్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన వీరాభిమాని. ఆ యూనివర్సిటీలో చదివారా అని మాత్రం అడక్కూడదు. గుడికొచ్చిన భక్తుణ్ణి వేదం చదువుకున్నావా అని అడుగుతామా?

ఆ ఫుట్‌బాల్ మనమనుకునే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెత్తడం, పదకొండుమంది మీదపడి వాణ్ణి కూలదొయ్యడం. ఆడేది కాలేజీ కుర్రాళ్లే అయినా స్టేడియంలో లక్షా రెండు వేలమందికి పైగా పడతారు. జట్టు పేరు బకైస్. బకై అంటే ఆ రాష్ట్రపు చెట్టు. దాని గింజను పోలేలా పల్లీముద్దను చాక్లెట్‌లో ముంచి ఉండలు కూడా చేస్తారు. తెలుగు చెవికి ఆ పేరు బకాయిలా వినిపిస్తుంది. తప్పేమీ లేదు. జట్టులో ప్రతివాడూ తనకేదో బకాయి పడ్డాడనే మన పెద్దమనిషి నమ్మకం. అందరిలోకీ మొండి బాకీదారు అసిస్టెంట్ కోచ్.

హెడ్ కోచ్ రయాన్ డే పెళ్లిపెద్ద అనుకుంటే, డిఫెన్స్ చూసుకునే అసిస్టెంట్ కోచ్, అంటే కోఆర్డినేటర్, వంటమేస్త్రి. విందు బాగుంటే పెళ్లిపెద్దకి పేరు. సాంబారులో ఉప్పెక్కువైతే వంటమేస్త్రికి తిట్లు.

జిమ్ నోల్స్ 2022 సీజన్‌కి ఓక్లహోమా స్టేట్ నుంచి వచ్చి ఆ గరిటె పట్టుకున్నాడు. 2024 అక్టోబరు 12న ఒరెగాన్ చేతిలో జట్టు 32-31తో ఓడింది. ఆ రాత్రే గ్యారేజీ కోర్టు తీర్పిచ్చేసింది: "తెల్లారేసరికి ఈయన్ని పంపెయ్యాలి!" నవంబరు 30న సొంతగడ్డ మీద మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు ఆ తీర్పు మళ్లీ చదివారు. నిజానికి ఆ రోజు డిఫెన్స్ ఇచ్చింది పదమూడు పాయింట్లే. పది పాయింట్లకి మించి చెయ్యలేకపోయింది అఫెన్స్. అయినా దుఃఖంలో లెక్కలెవరు చూస్తారు? మిషిగన్ అంటే ఆషామాషీ శత్రువు కాదు. ఆ ఆట జరిగే వారం క్యాంపస్‌లో బోర్డుల మీద ఉన్న 'ఎం' అక్షరాలన్నిటికీ ఎర్ర టేపుతో అడ్డంగా ఇంటూ గుర్తులు వేస్తారు. మన పెద్దమనిషి ఇంకో అడుగు ముందుకేసి ఫ్రిజ్‌లో పాలడబ్బా మీది ఎం కూడా కొట్టేస్తాడు.

కథ అంతటితో ఆగలేదు. 2025 జనవరి 1న జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో భాగంగా రోజ్ బౌల్‌లో అదే ఒరెగాన్‌ని 41-21తో చిత్తు చేశారు. జనవరి 20న నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. ఆటకి సగటున పదమూడు పాయింట్ల లోపే ఇచ్చి, ఆ సీజన్లో దేశం మొత్తం మీద అతి పిసినారి డిఫెన్స్ అనిపించుకున్నారు. గ్యారేజీలో నోల్స్ ఇప్పుడు మేధావి. "నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు పెద్దమనిషి. ఎవరికి చెప్పాడో బ్రూటస్‌కే తెలియాలి.

వారం తిరిగేసరికి వార్త: నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్లిపోతున్నాడు. అదీ ఇదీ ఒకే లీగ్, బిగ్ టెన్. జీతం ఏడాదికి సుమారు 31 లక్షల డాలర్లు. పైగా పెన్సిల్వేనియా ఆయన పుట్టిన రాష్ట్రం.

ఆ రోజు పెద్దమనిషిని దగ్గరగా చూసినవాళ్లకి ఒక మనిషిలో నలుగురు కనిపిస్తారు. పొద్దున కాఫీ వేళ: "పుకారు. జీతం పెంచమని బేరమాడుతున్నాడంతే." మధ్యాహ్నం వార్త ఖరారయ్యాక: "వెన్నుపోటు!" ఆ మాట అంటున్నంతసేపూ పక్కన బ్రూటస్ తోకాడిస్తూనే ఉంది. సాయంత్రానికి: "అసలాయన చేసిందేముంది? సెమీఫైనల్లో టెక్సాస్ మీద బంతి లాక్కుని 83 గజాలు పరిగెత్తింది జాక్ సాయర్ గానీ నోల్స్ కాదుగా. అలాంటి కుర్రాళ్లుంటే మా అత్తగారు కూడా కోచింగ్ ఇస్తుంది." రాత్రి పదింటికి పిజ్జా పెట్టె మూత మీద కొత్త కోచ్‌ల పేర్ల జాబితా తయారు. అందులో సగంమందికి ఆ ఉద్యోగం అక్కర్లేదు. మిగతా సగాన్ని కిందటేడు ఆయనే తిట్టాడు.

కొలంబస్ శివార్లు డబ్లిన్, పావెల్‌లలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. పక్కింటి తెలుగాయనకి ఈ గోడు అర్థం కాదు. ఆయన ఎం.ఎస్. చేసి, పదేళ్లలో నాలుగు కంపెనీలు మారినవాడు. రెండు వారాల నోటీసివ్వడం, కేకు కొయ్యడం, ఫొటో దిగడం, సోమవారం కొత్త బ్యాడ్జీ తగిలించుకోవడం ఆయనకి మామూలే. "ఎక్కువిచ్చారు, వెళ్లాడు. మీరూ అంతేగా, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రోడ్డవతలి కంపెనీకి మారారు?" అన్నాడొకసారి. పెద్దమనిషి చాలాసేపు ఆలోచించాడు. "అది వేరు. నన్ను వెళ్లొద్దని ఎవరూ అనలేదు."

నోల్స్ వెళ్లిన కొద్దిరోజులకే అఫెన్స్ చూసే చిప్ కెల్లీ కూడా ప్రొఫెషనల్ జట్టు లాస్ వేగాస్ రైడర్స్‌కి వెళ్లిపోయాడు. మిషిగన్ ఆటలో పది పాయింట్లకి శాపనార్థాలు తిన్నది ఈయనే. అయినా పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. తను తిట్టుకునే హక్కు ఇంకొకరికి పోవడం ఆయన భరించలేడు.

నోల్స్ స్థానంలో మ్యాట్ పట్రీషియా వచ్చాడు. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి కోచింగ్‌లోకి దిగినవాడు. వడ్రంగిలా చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటాడు. ఇంకో ప్రొఫెషనల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆయన్ని హెడ్ కోచ్ పదవి నుంచి తీసేశారు. ఆ సంగతి వినగానే పెద్దమనిషి తల పట్టుకున్నాడు. సీజన్ మొదటి ఆటలోనే టెక్సాస్‌ని ఏడు పాయింట్ల దగ్గర ఆపేసి 14-7తో గెలిచేసరికి చెవి మీద పెన్సిల్ గ్యారేజీలో ఫ్యాషనైపోయింది.

అక్టోబరులో అసలు పండగ. అప్పటిదాకా ఒక్క ఆటా గెలవని యూసీఎల్ఏ జట్టు నోల్స్ డిఫెన్స్ మీద 42 పాయింట్లు చేసి పెన్ స్టేట్‌ని ఓడించింది. ఒహాయో స్టేట్‌కి సంబంధం లేని ఆ ఆటని పెద్దమనిషి రెండుసార్లు చూశాడు. నవంబరు 1న కొలంబస్‌లో పెన్ స్టేట్ 38-14తో ఓడాక, బకాయి వడ్డీతో సహా వసూలైందని ప్రకటించాడు.

వసూలైన ఖాతా మూసెయ్యాలిగా? ఎక్కడ! డిసెంబరులో అఫెన్స్ కోఆర్డినేటర్ బ్రయాన్ హార్ట్‌లైన్ సౌత్ ఫ్లోరిడాకి హెడ్ కోచ్‌గా వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఆయన ఒహాయోలోనే పుట్టి, ఇదే జట్టుకి ఆడినవాడు. ప్లేఆఫ్ అయ్యేదాకా ఉంటానన్నాడు. ఏడాది చివరి రోజున కాటన్ బౌల్‌లో మయామీ చేతిలో జట్టు 24-14తో ఓడింది. వెళ్తున్నందుకు తిట్టాలా, ఉన్నందుకు తిట్టాలా అన్నది గ్యారేజీలో ఇంకా తేలలేదు.

మీరెప్పుడైనా కొలంబస్ వెళ్తే ఆ ఎర్ర కుర్చీలో ఒక సాయంత్రం కూర్చోండి. పల్లీ ఉండలు పెడతారు, ఆప్యాయంగా మాట్లాడతారు. కోచ్‌ల జీతాల సంగతి మాత్రం ఎత్తొద్దు. మిషిగన్‌లో మీకు చుట్టాలుంటే, ఆ సంగతి అసలే ఎత్తొద్దు.