ప్రీమియం

కనుమ నాడు గారెలు, కోడికూర అయ్యాక అల్లుడు మామగారికి ఆప్షన్స్ చెప్పడం మొదలెట్టాడు. ఆయన అడగలేదు.

“నిఫ్టీ 26,000 దగ్గర ఉందనుకోండి మావయ్యగారూ. మంగళవారం ఎక్స్‌పైరీలోగా 26,300 దాటుతుందని నా లెక్క. 26,300 స్ట్రయిక్‌కి కాల్ కొంటాను. అంటే ఆ రేటుకి కొనే హక్కు నాది. కొని తీరాలని రూలేం లేదు. ఆ హక్కుకి కట్టేదే ప్రీమియం. 40 రూపాయల చొప్పున లాటుకి 65. మొత్తం 2,600.”

“దాటకపోతే?”

“ఆ 2,600 పోతుంది. అంతకుమించి పైసా పోదు. పెరిగితే మాత్రం లాభానికి హద్దు లేదు.”

మామగారు వక్కపొడి నోట్లో వేసుకుని తలూపారు.

పడుతుందనుకుంటే పుట్ కొనాలని, మార్కెట్ కదలకపోయినా ప్రీమియం రోజూ కరుగుతుందని, దాన్నే థీటా అంటారని అల్లుడు పెళ్లిశుభలేఖ వెనకాల గీతలు గీసి మరీ చెప్పాడు.

“ఎఫ్ అండ్ ఓలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారని సెబీ తేల్చిందట. 2024లో పేపర్లో చదివాను.”

“వాళ్లకి బేసిక్స్ రావు మావయ్యగారూ.”

“పోయిన ప్రీమియం ఎవరికి చేరుతుంది?”

“అమ్మినవాడికి. వాడికొచ్చేది అంతే, రిస్కు మాత్రం బోలెడు. నేనైతే చచ్చినా అమ్మను.”

“అమ్మేవాడి దగ్గర సరుకుంటే?”

“అది కవర్డ్ కాల్. భయం తక్కువ. పెద్దవాళ్ల పద్ధతి లెండి.”

మామగారు లేచి బీరువాలోంచి ఒక స్టాంపు కాగితం తెచ్చారు. తాడికొండ దగ్గర ఎకరం పొలం. కోటికి బేరం. బయానా ఐదు లక్షలు. 2019 మార్చిలో రాసుకున్నారు, గడువు మూడు నెలలు. మేలో ప్రభుత్వం మారింది. అమరావతి చుట్టుపక్కల రేట్లు పడ్డాయి. రిజిస్ట్రేషన్‌కి ఎవరూ రాలేదు.

“స్ట్రయిక్ కోటి, ఎక్స్‌పైరీ జూన్. సరిగ్గానే చెప్తున్నానా బాబూ?”

“కరెక్టుగా చెప్పారు. బయానా ఇచ్చినాయనకే పాపం బేసిక్స్...” అంటూ అల్లుడు కాగితం అందుకున్నాడు.

అడుగున సంతకం పచ్చ సిరాతో ఉంది. తహసీల్దారుగా రిటైరయ్యాక కూడా పాలవాడి పుస్తకంలో సైతం పచ్చ పెన్నుతోనే సంతకం పెట్టే మనిషి అతనికి ఒక్కరే తెలుసు.

“మన సంబంధం మాట అప్పుడే కలిసింది,” అన్నారు మామగారు. “పెళ్లిలో మీ చేతిలో పెట్టిన ఐదు లక్షలూ అవే.”