చక్రాలు కొనేముందు నేల చూడండ్రా

నాలుగు చక్రాలు కొనుక్కొచ్చి అడుగున వెల్డింగు కొట్టేస్తే టన్ను బరువున్న జనరేటరు షెడ్డులో యాడికంటే ఆడికి తిరుగుతుందనుకుంటున్నారు ఇప్పటి పిల్లలు. తిరగదు. తుగ్గలి, పత్తికొండ, ఆస్పరి, ఆదోని, ఏ ఊరి వర్క్‌షాపుకు పోయినా ఇదే వరస. ఒక చక్రం బండల సందులో ఇరుక్కుని ఉంటుంది, ఒకటి వంకరపోయి ఉంటుంది, ఇంకొకటి నేలకు ఆనకుండా గాలిలో ఉంటుంది. పది అడుగులు పక్కకు జరపాలంటే హైడ్రా క్రేనుకు ఫోను చేస్తారు. హైడ్రా షెడ్డులోకి దూరకపోతే జనరేటరు ఉన్నచోటే ఉండిపోతుంది. లేత్ మిషను, డ్రిల్లింగ్ మిషను, పని చేసే మనిషి, అందరూ దాని చుట్టూ సర్దుకోవాల్సిందే. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో కరెంటు కంటే ముందు ఆయిల్ ఇంజను వచ్చింది. బావుల మీద, పిండిమరల్లో, వేరుశనగ బుడ్డలు వలిచే మిషన్ల దగ్గర అన్నిచోట్లా అదే. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1929లో మొదలుపెట్టిన నిదానపు ఇంజను నమూనానే రాజ్‌కోట్ వాళ్లు పోతపోసి దేశమంతా పంపేవాళ్లు. పూణే నుంచి కిర్లోస్కర్లు వచ్చేవి. ఆరు హార్స్‌పవర్ లిస్టర్ రకం ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది, అంతే. అంత నిదానంగా తిరిగేదానికి ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య ఊపు ఆగకుండా ఉండాలంటే బరువైన ఫ్లైవీళ్లు కావాలి. అందుకే రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు. ఇంజను మొత్తం మూడు క్వింటాళ్ల పైమాటే. దానికి బెల్టు వేసి 1500 చుట్ల ఆల్టర్నేటరును తిప్పితే యాభై సైకిళ్ల కరెంటు వచ్చేది. ఇంజను, ఆల్టర్నేటరు, కింద దుంగలు కలిపితే ఎంతవుతుందో లెక్కేసుకోండి.

ఆ బరువును జరపడం మా మేస్త్రీలకు ఒక విద్య. క్రేను లేదు, చైన్ బ్లాకు ఉన్న షెడ్డు ఆదోని జిన్నింగు మిల్లుల్లోనే కనిపించేది. మా దగ్గర ఉండేవి రెండు గడ్డపారలు, అయిదారు పైపు ముక్కలు, నాలుగు చెక్క దిమ్మెలు, ఒక మోకు. పైపు అంటే ఏదంటే అది కాదు. రెండంగుళాల సి క్లాసు జీఐ పైపు, మందం ఉన్నది. పల్చటి పైపు వేస్తే బరువుకు నలిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఇక దొర్లదు.

మొదట మేస్త్రీ నేల మీద చెయ్యి పెట్టి చూసేవాడు. గుంత ఉంటే ఇసుక పోసి రేకు పరిచేవాడు. ఆ తర్వాత గడ్డపార మొన దుంగ కిందికి దూర్చి, దాని వెనక దిమ్మె పెట్టి, ఒక మనిషి నిదానంగా తొక్కితే ఇంజను ఒక పక్క రెండంగుళాలు లేచేది. లేచిన వెంటనే పక్కన చెక్క ముక్క పడాలి. చెక్క పడందే చెయ్యి లోపలికి పోకూడదు. పైపును కూడా చేత్తో కాదు, కట్టెతో లోపలికి తోయాలి. మూడు పైపులు కింద, ఒకటి ముందు చేతిలో. వెనక నుంచి గడ్డపారతో ఎత్తి తోస్తే ఒక్కో ఊపుకు జానెడు కదిలేది. వెనక పైపు బయటికి రాగానే తీసుకుని ముందుకు పరుగెత్తే పిల్లోడు ఒకడు ఉండేవాడు. ఆ పిల్లోడిగానే నా పని మొదలైంది. మలుపు తిప్పాలంటే ముందు పైపు చివర సుత్తితో రెండు దెబ్బలు కొట్టి కొంచెం ఏటవాలు చేస్తే చాలు, ఇంజను ఆ పక్కకు తిరిగేది. పూర్తిగా అడ్డం తిప్పాలంటే మందపాటి ఇనప రేకు పరిచి గ్రీజు పూసి దాని మీద తిప్పేవాళ్లం. పల్లం ఉంటే వెనక మోకు పట్టి, స్తంభానికి ఒక చుట్టు చుట్టి వదులుతూ పోవాలి.

మాట ఒక్కడిదే ఉండాలి. మేస్త్రీ ఒక్కడే అరుస్తాడు, మిగతా వాళ్లంతా చేస్తారు. "ఆపు" అన్నాడంటే ఊపిరి కూడా అక్కడే ఆగాలి. ఇప్పుడు ఆరుగురు ఆరు మాటలు చెప్తారు, ఒకడు ఫోనులో వీడియో తీస్తుంటాడు. కాళ్లకు స్లిప్పర్లు. ఇట్లాంటి చోట నేను నిలబడలేను, కేకలేసి అందరినీ బయటికి పంపిస్తాను. నన్ను ముసలోడి చాదస్తం అంటారు. అననీ. కాలి వేలు నలిగినోడి కేక విన్నవాళ్లు అట్లా అనరు.

ఇంకా నేర్చుకోవాలంటే టూరింగ్ టాకీసు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. గుడారం సినిమా ఒక ఊళ్లో కొన్నాళ్లు ఆడి ఇంకో ఊరికి లేచిపోయేది. ఇంజను, డైనమో వాళ్ల వెంట తిరగాల్సిందే. అందుకే వాళ్లు ఇంజనును మందపాటి చట్రం మీదే బిగించి, ఆ చట్రానికి పడవ మాదిరి ముందూ వెనకా వంపు తిప్పేవాళ్లు. పైపు మీదికి ఎక్కడానికి, బండి పలక మీదికి జారడానికి ఆ వంపే ఆధారం. మోసుకుపోవడాన్ని చట్రం చేసేటప్పుడే తలుచుకున్నారు వాళ్లు. నేను చెప్పదలుచుకున్నది అదే.

తర్వాత కాలం మారింది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల లెక్కన సేద్యానికి కరెంటు ఇచ్చినాక మా వైపు బోర్లకు మోటార్లు దిగాయి. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచితం చేశారు. ఆయిల్ ఇంజన్లు పాత ఇనుముకు పోయాయి, వాటితోపాటే పైపులు దొర్లించే మేస్త్రీలూ తెరమరుగయ్యారు. ఆ మీదట 2012లో పరిశ్రమలకు వారానికి మూడు రోజులు పవర్ హాలిడే పెట్టేసరికి చిన్నాచితకా వెల్డింగు షెడ్డుకు కూడా జనరేటరు కావాల్సి వచ్చింది. జనరేటర్లు వచ్చాయి గానీ వాటిని జరిపే విద్య అప్పటికే పోయింది.

పైగా జనరేటరు కూడా పాతది కాదు. 2005 నుంచి తయారయ్యే డీజిల్ జనరేటర్లకు మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అది వెయ్యి కేవీఏ దాకా అన్నిటికీ వర్తిస్తుంది. అందుకే ఇప్పుడు ఇంజను రేకు డబ్బాలో కూర్చుని వస్తోంది. శబ్దం తగ్గింది, అది మంచిదే, నేను కాదనను. పాత ఇంజన్ల మధ్య బతికి చెవుడు తెచ్చుకున్న వాళ్లు మా తరంలో ఎంతమంది లేరు! కానీ డబ్బా వచ్చాక మనిషికి పట్టు దొరకడం లేదు. పాత ఇంజనుకు చూడగానే ఎక్కడ ఎత్తాలో తెలిసేది. ఇప్పుడు గడ్డపార ఎక్కడ పెట్టినా రేకు లోపలికి పోతుంది. 25 కేవీఏ సెట్టు డబ్బాతో కలిపి టన్ను అటూఇటూ ఉంటుంది. ఎత్తుగా, సన్నగా ఉంటుంది. డీజిల్ ట్యాంకు అడుగు చట్రంలోనే ఉంటే లోపల నూనె ఊగుతుంది. ఇంజను పక్క బరువెక్కువ, ఆల్టర్నేటరు పక్క తక్కువ. నడిమధ్యన తాడు కట్టి ఎత్తితే ఇంజను ముక్కు నేలకు పోతుంది.

మొన్నామధ్య ఒక షెడ్డులో కుర్రాళ్లు డబ్బా తలుపు తీసి ఆల్టర్నేటరు నెత్తిన ఉన్న కొక్కేనికి గొలుసు తగిలిస్తుంటే పట్టుకుని ఆపాను.

"అది దేనికి పెట్టారు అబ్బీ?" అన్నాను.

"ఎత్తడానికే కదా తాతా."

"ఆల్టర్నేటరు ఒక్కదాన్ని ఎత్తడానికి. మొత్తం సెట్టును కాదు. తెగితే కింద ఉండేది నువ్వే."

వాడు మంచోడే, విన్నాడు. కానీ ఈ మాట వాడికి ఐటీఐలో ఎవరూ చెప్పలేదంట. వైండింగు నేర్పారు, పీఎల్‌సీ నేర్పారు. బరువు ఎట్లా కదపాలో నేర్పలేదు.

ఇక చక్రాల సంగతి. మా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన కాంక్రీటు రెండు వేసవులకు పగులుతుంది. చాలా షెడ్లలో బేతంచెర్ల బండలు పరుస్తారు. నడవడానికి అవి అందం. టన్ను బరువు నాలుగు బుల్లి చక్రాల మీద నిలబడితే బండ ఫట్‌మని పగులుతుంది. బండల సందు అరంగుళం ఉంటే మూడంగుళాల చక్రం అందులో కూర్చుంటుంది. ఎనిమిదంగుళాల చక్రం దాటిపోతుంది. ఇంత చిన్న సంగతి కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ధర చూసి చిన్నవి తెస్తారు.

ఇంకొక లెక్క. టన్నుకు నాలుగు చక్రాలు కాబట్టి చక్రానికి పావు టన్ను అనుకుంటారు. నేల ఎప్పుడూ సమంగా ఉండదు, ఏదో ఒక చక్రం గాలిలోనే ఉంటుంది. బరువును మూడుతో భాగించి, ఆ పైన ఇంకొంచెం మోయగల చక్రమే తేవాలి. అంటే ఒక్కోటి నాలుగు వందల కిలోలైనా మోయాలి. పోత ఇనుము మీద పాలీయురేథేన్ పూత ఉన్నవి మేలు. మెత్తటి రబ్బరు చక్రాలు బరువుకు ఒక పక్క అణిగిపోయి మళ్లీ గుండ్రంగా రావు. రెండు కదలనివి, రెండు తిరిగేవి ఉండాలి. నాలుగూ తిరిగేవి వేస్తే పల్లంలో మన మాట వినదు.

అన్నిటికంటే ముఖ్యం, చక్రాలను జనరేటరు కింద వేయొద్దు. కింద వేస్తే ఎత్తు ఇంకో అడుగు పెరుగుతుంది, ఎత్తు పెరిగితే ఒరుగుతుంది. నాలుగంగుళాల సి ఛానల్‌తో వేరే చట్రం చేసి, చక్రాలను ఆ చట్రానికి పక్కలకు, బయటికి చేతులు పెట్టి బిగించాలి. జనరేటరు నేలకు రెండంగుళాల పైన, చక్రాల నడుమ కూర్చుంటుంది. అడుగు వెడల్పవుతుంది, బరువు కిందికి దిగుతుంది. వెల్డింగు కాదు, బోల్టులు. చక్రం పాడైతే మార్చాలి కదా. నాలుగు మూలలా స్క్రూ జాకీలు పెట్టి, నడిపేటప్పుడు బరువంతా వాటి మీదికి దించాలి. చక్రాల మీద నిలబెట్టి నడిపితే అదురుకు సెట్టు మెల్లగా జరిగి కేబులును లాగుతుంది. లాగడానికి తిరిగే చక్రాల పక్క నడుమెత్తులో ఒక పిడి. డబ్బా పైభాగం పట్టుకుని ఎవరినీ తోయనివ్వొద్దు.

ఇట్లా చేస్తే జరపడం ఎంత తేలికో చెప్తాను. టన్ను బరువును కాంక్రీటు మీద ఈడ్చాలంటే మూడు నాలుగు వందల కిలోల లాగుడు కావాలి. పైపుల మీదో మంచి చక్రాల మీదో అయితే ముప్పై నలభై కిలోలు చాలు. ఇద్దరు మనుషులు. మాకు ఎనిమిది మంది దొరికేవాళ్లు, అందుకే పైపులతో సరిపెట్టుకున్నాం. ఇప్పుడు ఎనిమిది మందిని ఎక్కడినుంచి తెస్తారు? మిరప కోతల కాలమొస్తే మా పల్లెలకు పల్లెలే గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు పోతాయి. తొలకరి వానలు పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతుకుతూ ఊరు ఊరంతా వంగే ఉంటుంది, వేరే జిల్లాల వాళ్లు కూడా దిగుతారు. ఆ రోజుల్లో షెడ్డుకు కూలీ రాడు. వాళ్లను తప్పుపట్టను, బతుకు అట్లాంటిది. మనుషులు లేని కాలంలో చట్రం మంచిగా ఉండాలి అంటున్నా. మా కంటే మీకే అది ఎక్కువ అవసరం.

జనరేటరు కదలడం దేనికో కూడా మరిచిపోతున్నారు. బయటికి తీసి నడపడానికి, పని కాగానే లోపల పెట్టి తాళం వేయడానికి. బ్యాటరీలు, డీజిల్ దొంగలు ఎత్తుకుపోయే రోజులు ఇవి. కానీ చక్రాలు ఉన్నాయి కదా అని వాన పడితే లోపలికి లాగి, షట్టరు దించి నడుపుతున్నారు. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే నిద్రలోకి లాగేస్తుంది. లోపలే నడపాలంటే పొగ గొట్టాన్ని గోడ అవతలికి తీసుకుపోండి. లేదంటే గుమ్మం బయట రేకుల పందిరి వేసి అక్కడే నడపండి. గుమ్మానికి మెట్టు ఉంటే పగలగొట్టి వాలు కట్టండి, ఆ వాలు మనిషి ఆపగలిగినంత మెల్లగా ఉండాలి.

ఎర్తు సంగతి వేరే చెప్పాలి. ఒకచోట పాతుకున్న జనరేటరుకు ఉప్పూ బొగ్గూ పోసిన గుంతల నుంచి బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు, న్యూట్రల్‌కు వేరే ఎర్తు ఉండేవి. వేసవిలో ఆ గుంతల్లో నీళ్లు పోయడం కూడా పిల్లోళ్ల పనే. జరిపే జనరేటరుకు ఎర్తు తీగ పీకేస్తారు, మళ్లీ తగిలించడం మరిచిపోతారు. ఎన్నిచోట్ల నిలబెడతారో అన్నిచోట్లా నేల దగ్గర ఎర్తు బోల్టు ముందే పెట్టించండి. తీగకు లగ్గు ఉండాలి, చుట్టి వదిలేయడం కాదు.

చివరగా, త్రీఫేజు సెట్టును కదిపి కేబులు మళ్లీ కలిపినప్పుడు రెండు ఫేజులు అటూఇటూ అయితే మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. లేత్ మీద స్క్రూ బిగింపు చక్ ఉంటే అది విప్పుకుని పనిముక్కతో సహా మనిషి మీద పడుతుంది. కలిపినాక ముందు బెల్టు తీసేసి ఒక మోటారును ఒక్క క్షణం తిప్పి, ఏ పక్కకు తిరుగుతోందో చూడండి. సరిగ్గా తిరిగితేనే బెల్టు ఎక్కించండి.