చెత్త కొనుక్కు రండి

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బళ్లు తెరిచేది 12 ప్రాంతంలో. భూగోళం ఆ వారం ఎలాగో ఓపిక పట్టిందంటే చాలు, గేటు తీయగానే దాన్ని రక్షించే కార్యక్రమం మొదలవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్ గ్రూపులో తాఖీదు దిగుతుంది: ‘రేపు బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ పోటీ. విద్యార్థులు వ్యర్థ పదార్థాలతో ఒక వస్తువు తయారుచేసి తీసుకురావలెను.’

ఆ రాత్రి స్టేషనరీ కొట్టాయన షట్టరు దించడు. ఆయనకిది దసరా. థర్మోకోల్ షీటు, గ్లిట్టర్ పేపరు, చమ్కీలు, గ్లూ గన్ను, ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్టు. అవును, ఎవరూ చీకని ఐస్‌క్రీం పుల్లలు కట్ట కట్టి అమ్ముతారు. ఖాళీ సీసా కావాలి గనక రెండు లీటర్ల కూల్‌డ్రింకు కొని సింకులో ఒంపేస్తారు. బిడ్డ పదింటికే నిద్రపోతుంది. సృజన తండ్రిది, గ్లూ గన్నుతో కాలే వేలు తల్లిది.

పొద్దున్నకి పూలకుండీ సిద్ధం. అసలు శాస్త్రం ఇక్కడుంది. ఉత్త సీసానైతే పాత సామాన్లవాడు కిలో లెక్కన కొంటాడు. అది ముక్కలై, దారమై, ఏ పాలియెస్టర్ చొక్కాగానో తిరిగొస్తుంది. అదే సీసాకి థర్మోకోల్ అంటించి, రంగు పూసి, చమ్కీలద్ది చూపించండి. అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇది పోదమ్మా’ అని బండి ముందుకు తోస్తాడు. థర్మోకోల్లో 98 శాతం దాకా గాలే, తూకానికి రాదు. రీసైకిల్ కాగల వస్తువుని ఎందుకూ కొరగాకుండా చేసినందుకు మన పిల్లకి మొదటి బహుమతి! అలంకరణ థర్మోకోల్‌ని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కదా అంటారా? ఆ సంగతీ చార్టు మీద ఉంది, థర్మోకోల్ అక్షరాలతో.

ఈ చదువు ఊరికే రాలేదు. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు చెబితే పర్యావరణం పాఠ్యాంశమైంది. పాఠమన్నాక పుస్తకం ఉండాలి. అక్క చదివిన పుస్తకం తమ్ముడికి రావడం ఒకప్పటి రివాజు. అట్ట ఊడితే పాత క్యాలెండరు కాగితం వేసేవాళ్లం. ఇప్పుడు చాలా ప్రైవేటు బళ్లు ఏటా ‘కొత్త ఎడిషన్’ సెట్టుని తామే అమ్ముతాయి. 42వ పేజీ 44కి జరిగింది, బొమ్మలో పిల్లాడి చొక్కా నీలంగా మారింది, కనక పాతది చెల్లదు. ‘వస్తువులను తిరిగి వాడుదాం’ అనే పాఠాన్ని తమ్ముడు సరికొత్త పుస్తకంలోనే చదవాలి.

బహుమతి ప్రదానానికి అతిథులొస్తారు. శాలువాలు, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు, లామినేట్ చేసిన సర్టిఫికెట్లు. (కాగితాన్ని సైతం రీసైకిల్ కాకుండా కాపాడే కవచం లామినేషన్.) సభ ముగుస్తుండగా హాలు ఊడ్చే ఆయా వచ్చి, మూతలు వేరు, సీసాలు వేరు చేసి సంచిలో వేసుకుంటుంది. ప్రిన్సిపాల్ మేడమ్ చూసి గబగబా వస్తుంది.

‘పేరెంట్స్ ఉన్నారిక్కడ, కనిపించట్లేదా? ఆ చెత్త ముట్టుకోకు, చూడ్డానికి బాగుండదు.’