పంపు నీది, పాపమూ నీదే

మిర్చిలో తామర పురుగు కనిపించిన రోజే స్నేహం పొంగుకొస్తుంది. "మావా, మందు కొట్టాలి, నీ తైవాన్ పంపు ఓసారి ఇయ్యి, ఒక్క పూటే" అంటూ పొద్దున్నే స్నేహితుడు గుమ్మంలో నిలబడతాడు. పూట కాస్తా వారమవుతుంది. చివరికి మనమే వెళ్లి తెచ్చుకుని తాడు లాగితే ఇంజను కదలదు. పిస్టన్ పట్టేసింది. ఏమైందిరా అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది: "నేనేం చేశాను మావా? అది ముందునుంచీ అంతే."

ఊళ్లో అరువు తీసుకెళ్లిన ఏ పనిముట్టూ తీసుకెళ్లినవాడి చేతిలో పాడైన దాఖలా లేదు. పలుగు వంగినా, నిచ్చెన మెట్టు ఊడినా, డ్రిల్లు మిషను పొగలు కక్కినా, అన్నీ సొంతదారు ఇంట్లోనే కొన ఊపిరితో ఉన్నాయి. ప్రాణం వదలడానికి మాత్రం స్నేహితుడి ఇల్లు చూసుకున్నాయి. ఆ మహానుభావుడు చివరి గడియలో తులసి తీర్థం పోస్తే, మెచ్చుకోకపోగా నిందలా?

పోసిన తీర్థమేమిటో మెకానిక్ చెబుతాడు. ఇలాంటి పంపుల టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. చాలా పంపులకు లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతారు. వట్టి పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ సిలిండర్‌ను గీరుకుంటూ, వేడెక్కి, బిగుసుకుపోతుంది. మెకానిక్ విప్పి ఆ గీతలు చూపిస్తే మనవాడు కళ్లు చికిలించి "పాత గీతలే" అని తేల్చేస్తాడు. ఇలాంటివాణ్ణి పురావస్తు శాఖ ఎందుకు వదిలేసిందో!

ఇంజను బతికి తిరిగొచ్చిందని సంబరపడొద్దు. అతగాడు 2,4-డి గడ్డిమందు కొట్టి, ట్యాంకు సరిగా కడక్కుండా ఇచ్చి ఉండొచ్చు. అందులోనే మందు కలిపి పత్తికి కొడితే ఆకులు సన్నబడి ముడుచుకుంటాయి. అప్పుడు గట్టుమీద కూర్చుని "విత్తనాలు నకిలీవేమో మావా" అని ఓదార్చేదీ అతగాడే.

చట్టం లేదా అంటే ఉంది, 1872 నుంచీ ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్‌లో ఓ గుర్రం కథ చెప్పారు. నువ్వే స్వారీ చెయ్యమని ఒకడు గుర్రమిస్తే, తీసుకున్నవాడు దాన్ని ఇంట్లోవాడికిచ్చాడు. ఆ ఇంట్లోవాడు జాగ్రత్తగానే తోలినా గుర్రం పడి దెబ్బతింది. గుర్రం తీసుకున్నవాడే పరిహారం కట్టాలి. గుర్రం బదులు పంపునూ, ఇంట్లోవాడి బదులు మనవాడు పంపు అప్పగించిన బామ్మర్దినీ పెట్టి చదవండి, మన కేసే. కాకపోతే 150వ సెక్షన్ ఒకటుంది: ఇచ్చేవాడు తనకు తెలిసిన లోపాలు ముందే చెప్పాలి. సొంతదారు నిజాయితీగా "స్టార్టరు తాడు కాస్త నలిగిందిరా" అన్నాడా, అయిపోయాడు. పిస్టన్ పట్టేశాక అదే సాక్ష్యం: "తాడు బాలేదని నువ్వే అన్నావుగా!"

స్నేహితుడి మీద కోర్టుకెవరు పోతారు? రచ్చబండ మీద పెద్దమనుషులు కూర్చుని, రెండు టీలు తాగి, "చెరిసగం పెట్టుకోండి" అన్నారు. పాడుచేసినవాడిది సగం, ఇచ్చిన పాపానికి ఇచ్చినవాడిది సగం. అంతటితో పోయిందా అంటే, మరమ్మతులో స్నేహితుడి డబ్బూ పడింది కనుక పంపు ఇప్పుడు ఉమ్మడి ఆస్తి అయింది. సొంతదారు తన చేలో మందు కొట్టుకుంటుంటే పక్క గట్టు మీంచి కేక: "మావా, కాస్త చూసుకుని! మన పంపు పాడైపోద్ది!"